దోసెడు గులకరాళ్లు

డేగజాతిలో బైరికి ఉన్న పేరు వేరొక పక్షికి లేదు. పూర్వము రాజులు ముంజేతిమీద నిలుపుకొని వేటాడించిన పక్షులలో ఇది అగ్రగణ్యము. ఆకాశమున ఎంతో ఎత్తున తిరుగుచు, క్రింద ఎగిరిపోవు పక్షిని గురి చూచుకొని, రెక్కలు ముడిచి, విసరిన రాయివలె దానిమీదికి దూకును. ఆ దూకుడులో దాని వేగము గంటకు 300 కిలోమీటర్లను దాటునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ప్రాణికోటిలో ఇంతటి వేగము మరి దేనికిని లేదు. అంటార్కిటికా తప్ప తక్కిన ఖండములన్నిటను ఇది కనిపించును. ఆంగ్లభాషలో దీనికున్న పేరునకు దేశదిమ్మరి అని అర్థము.

ఇంతటి పక్షికి ఇల్లు కట్టుకొను విద్య మాత్రము అబ్బలేదు. గిజిగాడు గడ్డిపోచలతో మేడ అల్లును. కాకి పుల్లలు ఏరి తెచ్చి గూడు పేర్చును. బైరి ఒక్క పుల్లయైన తేదు. నిట్రమైన కొండచరియ మీద, శిలల నడుమ అరుగువలె ఉన్నచోట, మన్నో గులకయో ఉన్నచో అక్కడ రొమ్ము ఆనించి, కాళ్లతో గీరి, ఒక చిన్న పల్లము చేయును. అందులోనే మూడు నాలుగు ఎర్రమచ్చల గుడ్లు పెట్టును. గుడ్లు దొర్లిపోకుండుటకు, వానపడినచో నీరు ఇంకిపోవుటకు ఆ పల్లము చాలును. అందువలన దానికి కావలసినది ఎత్తు, ఏకాంతము, ఒక దోసెడు గులకరాళ్లు. ఇంతే.

మానవుడు నగరములు కట్టినప్పుడు తెలియకయే బైరికి కొండలు కట్టి ఇచ్చినాడు. అంతస్తుమీద అంతస్తుగా లేచిన రాతి భవనము దాని కంటికి కొండచరియయే. గోడల చుట్టును పొడుచుకొని వచ్చిన అంచులు దానికి అరుగులు. వీథులలో గుంపులు గుంపులుగా తిరుగు పావురములు దానికి తరుగని ఆహారము. నగరమున ఒక్కటే కొరత. ఆ రాతి అంచుల మీద గులకరాళ్లు ఉండవు.

ఈ కొరత ఎట్టిదో, అది ఎట్లు తీరినదో కెనడా దేశమున మాంట్రియల్ నగరపు కథ వలన తెలియును. ఆ నగరము నడిబొడ్డున సన్ లైఫ్ బీమా కంపెనీ వారు కట్టించిన మహాభవనము కలదు. 1931లో పూర్తియైన ఆ కట్టడము ఇరువదికి పైగా అంతస్తులతో, వరుసలు తీరిన రాతి స్తంభములతో ఆనాటికి బ్రిటిషు సామ్రాజ్యమునందే పెద్ద భవనములలో ఒకటిగా పేరు గాంచెను. 1936 ప్రాంతమున దానిమీద ఒక బైరి జంట కనిపించెను. ఇరువదవ అంతస్తు అంచును ఆ దంపతులు తమ నివాసముగా ఎన్నుకొనిరి. కాని అది నున్నని రాయి. గుడ్డు నిలుచుటకు ఆధారము లేదు. మొదటి ప్రయత్నములు ఫలించలేదు.

జి. హార్పర్ హాల్ అను పక్షి ప్రేమికుడు ఈ జంటను శ్రద్ధతో కనిపెట్టి చూచుచుండెను. 1940లో ఆయన ఆ అంచుమీద గులకరాళ్లు పోసిన పెట్టెను అమర్చెను. ఆడపక్షి దానిని అంగీకరించెను. ఆ రాళ్లలో పల్లము చేసి, గుడ్లుపెట్టి, పొదిగి, పిల్లలను లేపెను. నాటినుండి 1952 వరకు ఆ ఒక్క ఆడపక్షియే ఆ అంచును ఏలెను. మగపక్షులు మాత్రము ఒకటి తరువాత ఒకటిగా మూడు వచ్చెను. ఆ కాలమున ఇరువదికి పైగా పిల్లలు ఆ అంచునుండి ఎగిరిపోయినవి. ఈ వృత్తాంతమును హాల్ 1955లో పుస్తకముగా ప్రకటించెను.

ఏటేటా ఒకే జంటను చూచువారికి ఒక సంసారము కంటి ఎదుట నడచినట్లుండును. బైరి జాతిలో ఆడది పెద్దది. బరువులో మగది దానికి సుమారు మూడింట రెండు వంతులే. వసంతమునకు ముందే మగది ఆకాశమున పల్టీలు కొట్టి, పైకెగసి క్రిందికి దూకి తన నేర్పు చూపును. గుడ్లు పెట్టినది మొదలు నెలదినములకు మించి పొదుగవలెను. ఆ పని ఎక్కువగా ఆడదానిది. మగది అప్పుడప్పుడు వంతు పుచ్చుకొనును. వేట మాత్రము మగదాని భారము. అది ఒక పక్షిని పట్టి తెచ్చి కేక వేయును. ఆడది గూడు విడిచి ఎదురేగి, గాలిలోనే వెల్లకిలయై, కాళ్లు పైకెత్తి, దానిని అందుకొని మరలును. పిల్లలు మొదట తెల్లని దూదిపింజల వలె ఉండును. ఆరు వారములకు ఈకలు వచ్చి అంచుమీద నిలిచి రెక్కలు విదుర్చును. అప్పుడు తల్లిదండ్రులు ఆహారము దగ్గరకు తేవు. కనిపించునంత దూరమున పట్టుకొని తిరుగును. ఆకలి పిల్లలను అంచు దాటించును. ఎగిరిన పిల్లలలో సగము మొదటి ఏడు గడవకముందే నశించును. నగరమున అద్దపు గోడలు, వీథులలోని వాహనములు కూడ వాటికి మృత్యువులే.

మాంట్రియల్ పిల్లలు మొదటిసారి రెక్కలు విప్పిన ఆ 1940లోనే మరి రెండు సంగతులు జరిగెను. ఇంగ్లండు మీద జర్మనీ దండెత్తునేమో అను భయముతో బ్రిటిషు ప్రభుత్వము తన ధనపత్రములను రహస్యముగా ఓడలకెక్కించి కెనడాకు పంపెను. వాటిని దాచినది సన్ లైఫ్ భవనపు నేలమాళిగలోనే. అదే ఏట అదే ప్రభుత్వము తన తీరమున బైరి డేగలను చంపుడని ఉత్తరువు చేసెను. యుద్ధవిమానముల నుండి కబురు తెచ్చు పావురములను అవి పట్టునని ఆ ఉత్తరువు. యుద్ధము ముగియుసరికి సుమారు 600 పక్షులు హతమయ్యెను. భవనము అడుగున ఒక సామ్రాజ్యపు సంపద దాగియుండగా, ఆ సామ్రాజ్యము చంపుమన్న పక్షి ఆ భవనము కొననే పిల్లలను సాకుచుండెను.

తుపాకి వలన కలిగిన నష్టమును బైరి తట్టుకొనెను. యుద్ధానంతరము బ్రిటనులో దాని సంఖ్య మరల పెరిగెను. తట్టుకొనలేనిది వేరొకటి వచ్చెను. దానికి చప్పుడు లేదు, రూపు లేదు. అది డి.డి.టి. అను కీటకనాశని.

ఆ మందు చేసిన ఉపకారమును మరువరాదు. దాని గుణమును కనిపెట్టిన స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు పాల్ మ్యుల్లరు 1948లో నోబెల్ బహుమానము పొందెను. మన దేశమున 1953లో జాతీయ మలేరియా నివారణ పథకము ఆరంభమైనప్పుడు ఇంటింట చల్లినది ఈ మందే. స్వాతంత్ర్యము వచ్చిననాడు ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందిని మంచమెక్కించిన మలేరియా, 1965 నాటికి లక్ష మందికి దిగివచ్చెను. అయితే ఇంటి గోడలకు చల్లినది వేరు, పొలములమీద, అడవులమీద విమానములతో కురిపించినది వేరు. పైరుమీది మందు పురుగును చేరెను. పురుగును తిన్న చిన్న పక్షిని చేరెను. అట్టి పక్షులను వందలకొలది తిన్న బైరి కొవ్వులో పేరుకొనెను. బైరి వెంటనే చావలేదు. దాని ఒడలిలోని సున్నము గుడ్డు పెంకునకు చేరకుండ ఆ విషము అడ్డుపడెను. పెంకు పలుచనయ్యెను. పొదుగుటకు కూర్చున్న తల్లి బరువునకే గుడ్డు చితికిపోయెను.

ఈ మర్మము బయటపడిన తీరు వింతయైనది. బ్రిటనులో పందెపు పావురములు పెంచువారు బైరి డేగలు మితిమీరి పెరిగినవని, వాటిని అదుపు చేయవలెనని మొరపెట్టిరి. నిజము తేల్చుటకై 1961, 1962 సంవత్సరములలో దేశమంతట లెక్క తీసిరి. తీరా చూడగా బైరి పెరుగుట అటుంచి, అనేక ప్రాంతములలో అంతరించుచుండెను. ఆ లెక్కను నడిపిన డెరిక్ రాట్‌క్లిఫ్ అను శాస్త్రజ్ఞుడు గూళ్లలో చితికిన గుడ్లను పదేపదే చూచి, పాత గుడ్లను తూచి చూడవలెనని తలచెను. పూర్వము గూళ్లు దోచి గుడ్లు పోగుచేసిన సరదారాయుళ్ల బీరువాలు, వస్తుప్రదర్శనశాలల పెట్టెలు ఇందుకు ఉపకరించెను. 1947 ప్రాంతమునుండి బైరి గుడ్డు పెంకు బరువు ఇంచుమించు అయిదవ వంతు తగ్గినదని ఆయన 1967లో ప్రకటించెను. నాడు దొంగిలించిన గుడ్లే నేడు సాక్ష్యము పలికినవి.

అట్లాంటిక్ ఆవలి ఒడ్డున పరిస్థితి మరింత దారుణము. 1964లో అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు భాగమున పూర్వము బైరి గూళ్లున్న 133 తావులను వెదకిచూడగా, ఒక్కచోటనైన పిల్లలను లేపు జంట కనిపించలేదు. 1972లో ఆ దేశము డి.డి.టి. వాడకమును నిషేధించెను. కాని మందు మానినంత మాత్రమున పోయిన పక్షి తిరిగిరాదు. కార్నెల్ విశ్వవిద్యాలయమున టామ్ కేడ్ అను ఆచార్యుడు 1970లో ఒక సంస్థను నెలకొల్పి, పంజరములలో బైరి పిల్లలను పుట్టించి, కొండలమీదను గోపురములమీదను విడిచిపెట్టు పని ఆరంభించెను. రెక్కలు ముదురువరకు వాటికి మనిషి కంటపడకుండ ఆహారమును అందించెడివారు. కొండలమీద విడిచిన పిల్లలను గుడ్లగూబలు చంపుచుండెను. నగరములలో ఆ భయము తక్కువ. సుమారు పాతికేండ్లలో 4,000కు పైగా పక్షులు ఈ రీతిని ఆకాశమునకు మరలెను.

అట్లు విడిచిన ఆడపక్షి ఒకటి 1978లో బాల్టిమోరు నగరమున ఒక భవనపు 33వ అంతస్తును చేరెను. స్కార్లెట్ అని దానికి ముద్దుపేరు పెట్టిరి. అక్కడకూడ ఆ అంచుమీద గులకరాళ్లే పోసిరి. స్కార్లెట్ గుడ్లు పెట్టెను గాని తగిన జోడు నిలువలేదు. తెచ్చి విడిచిన మగపక్షులు ఒకటి తరువాత ఒకటి దూరమయ్యెను. పంజరములలో పుట్టిన పిల్లలను తెచ్చి ముందుంచగా వాటినే తన బిడ్డలుగా సాకెను. కొన్నేండ్లకు ఒక మగపక్షి వచ్చి కూడెను. 1984లో తన గుడ్లను తానే పొదిగి పిల్లలను లేపెను. ఆ ఏటనే మరణించెను. 1999లో అమెరికా ప్రభుత్వము బైరిని ఆపదలోనున్న జీవుల పట్టికనుండి తొలగించెను.

ఇంగ్లండులో డార్బీ నగరపు ప్రధాన దేవాలయ గోపురము మీద 2006లో గులకరాళ్లు పరచిన చెక్కపలకను అమర్చిరి. ఆ ఏడు మొదలు అక్కడ బైరి జంట పిల్లలను లేపుచున్నది. మరుసటి ఏట కెమెరాలు అమర్చగా లోకమంతటి వారును ఆ సంసారమును ఇంటినుండియే చూడగలిగిరి. గోపురము క్రింద పడిన ఈకలు, ఎముకలు ఏరిచూచిన శాస్త్రజ్ఞులకు ఒక క్రొత్త సంగతి తెలిసెను. పగటివేళ నగరములో కనిపించని, రాత్రివేళ మాత్రము వలసపోవు పక్షులు వాటిలో ఉండెను. గోపురమునకు వేసిన దీపముల వెలుగులో బైరి రాత్రియందును వేటాడుట నేర్చినది! మాంట్రియల్‌లోను బైరి మరల నెలకొన్నది. ఇప్పుడు దాని నివాసము అచ్చటి విశ్వవిద్యాలయపు గోపురము. అందులోను గులకరాళ్ల పెట్టెయే.

మన దేశమున స్థిరముగా ఉండు బైరిని షాహీన్ అందురు. నల్లని తల, తుప్పురంగు రొమ్ము గల ఈ పక్షి కొండచరియలను ఆశ్రయించి పిల్లలను లేపును. చలికాలమున ఉత్తర ధ్రువమునకు చేరువైన సైబీరియా మైదానములనుండి మరొక తెగ వలసవచ్చి చెరువుల కడ, సముద్రతీరమున, నగరములలోని ఎత్తైన కట్టడములమీద విడిది చేయును. 1989లో మన ప్రభుత్వము కూడ పైరులమీద డి.డి.టి. చల్లుటను నిషేధించినది. ఇక్కడి పొలములలో చల్లినది ఇక్కడనే ఉండదు. చలికాలపు అతిథి ఒంటిలో చేరి వేల క్రోసుల దూరమున ఒక గుడ్డును చితుకగొట్టగలదు.

కంటికి కనబడు కొరతను తీర్చుట మానవునకు సులభము. గుడ్డు దొర్లిపోవుచున్నదని చూచినవాడు గులకరాళ్లు తెచ్చి పోసెను. అందుకు జాలిగుండె చాలినది. పెంకు పలుచనగుచున్నదని తెలియుటకు మాత్రము గూళ్లు లెక్కించువారు, పెంకులు తూచువారు, దొరకిన నిజమును నిర్భయముగ చెప్పువారు కావలసివచ్చెను. అందుకు ఇరువది యేండ్లు పట్టెను. ఈ లోపల ఎన్ని గుడ్లు తల్లి రొమ్ము క్రిందనే చితికినవో లెక్కలేదు. నగరపు శిఖరమున నిలిచి క్రింది జనసమ్మర్దమును తేరిపార చూచు బైరి మానవుని దయను కోరదు. అది కోరునది ఒక దోసెడు గులకరాళ్లు, వాటిమీద పగులని గుడ్డు. మొదటిది ఇచ్చుట ఎంత తేలికయో, రెండవదానిని కాపాడుట అంత కష్టము.