కందిపూతపై బొబ్బల పెంకుపురుగు – వర్గీకరణ, వ్యాప్తి

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల మెట్టభూములలో వేరుశనగతో పాటు అంతరపంటగా కందిని సాగు చేయుట పరిపాటి. వర్షాధార రైతునకు ఏడాదికి దక్కునది తరచుగా ఒకే పంట. అందుచేత కందిపూతను తిను పురుగు ఏదైనను స్వల్ప విషయం కాదు. అట్టి వాటిలో బొబ్బల పెంకుపురుగు ఒకటి. నల్లని ముందురెక్కలపై నారింజ ఎరుపు అడ్డపట్టీలుండుటచే దీనిని సులభముగా గుర్తించవచ్చును.

శాస్త్రీయముగా ఇది కోలియోప్టెరా క్రమములోని మెలోయిడే కుటుంబమునకు చెందినది. స్వీడన్ శాస్త్రవేత్త థున్‌బర్గ్ ఈ జాతికి 'పుస్టులాటా' అని నామకరణం చేసినారు. వ్యవసాయ గ్రంథములలో 'మైలాబ్రిస్ పుస్టులాటా' అనియు, నేటి వర్గీకరణలో 'హైక్లియస్ పుస్టులాటస్' అనియు కనిపించును. రెండును ఒకే పురుగు పేర్లే. వార్తలలో వీటిని వేర్వేరు పురుగులుగా పేర్కొనుట పొరపాటు. దీనిని 'ఎడారి పురుగు' అనుట కూడ సరికాదు. ఈ ప్రాంతం అల్పవర్షపాతం గల పాక్షిక శుష్క మండలమే గాని ఎడారి కాదు. ఈ జాతి భారతదేశమంతటా విస్తరించియున్నది. కందితో పాటు అలసంద, బెండ, మందార పూలను సైతం తినును.

పురుగు వ్యాప్తికి మూలం పూలు మాత్రమే కాదు, మిడతలు కూడ. తల్లిపురుగు నేలలో గ్రుడ్లు పెట్టును. వాటి నుండి వెలువడు చురుకైన పిల్లపురుగులు మట్టిలో మిడత గ్రుడ్ల గుంపులను వెదకి తినును. అనగా పూతను పాడుచేయు ఈ పురుగే బాల్యదశలో మిడతల సంఖ్యను తగ్గించుచున్నది. దీనిని కేవలం శత్రుపురుగుగా లెక్కించుట తొందరపాటే కాగలదు.

ముట్టుకొన్నప్పుడు దీని కాళ్ల కీళ్ల నుండి పసుపుపచ్చని ద్రవం స్రవించును. అందులోని కాంథారిడిన్ అను విషపదార్థమును ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త రోబికే 1810లో వేరుచేసినారు. చర్మమునకు సోకినచో కొన్ని గంటలలో బొబ్బలు లేచును. కడుపులోనికి పోయినచో మూత్రపిండములు దెబ్బతిని ప్రాణాపాయం కలుగవచ్చును. దీనికి ప్రత్యేక విరుగుడు లేదు. చచ్చిన పురుగులోనూ విషం నిలిచియుండును. కనుక పురుగులున్న మేతను పశువులకు వేయరాదు.

పురుగులు కొద్దిగా ఉన్నప్పుడు చేతులకు తొడుగులు ధరించి, వలతో పట్టి, కిరోసిన్ కలిపిన నీటిలో వేయుట మేలు. వట్టిచేతులతో నలుపరాదు. పూతపై మందు పిచికారి చేసినచో తేనెటీగలకు హాని కలుగును. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుపై ఆధారపడిన మల్బరీ రైతులున్న చోట మరింత జాగ్రత్త అవసరం. కందిచేనుపై చల్లిన మందు గాలికి మల్బరీ ఆకుపై పడినచో, ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చనిపోవును. పొరుగు చేను ఎవరిదో, గాలి ఎటు వీచుచున్నదో చూచుకొనిన పిమ్మటనే, అదియు తప్పనిసరియైనప్పుడే, వ్యవసాయాధికారుల సలహాతో మందు వాడవలెను.