గదిలోని ఔషధ మొక్కలకు చెమ్మ గండం

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. పెరడే లేని ఇళ్లలో ఉంటున్న మనకు ఇప్పుడు ఆ సామెత సైతం దూరమైపోయింది. మేడ్చల్‌లోని మా పాత ఇంటి పెరట్లో తులసి, వాము ఆకు, సరస్వతి ఆకు, కలబంద, పుదీనా వాటంతట అవే పెరిగేవి. నేను చేసిన సేవ చాలా స్వల్పం. శామీర్‌పేట వైపు మా అబ్బాయి కొన్న ఫ్లాటుకు మారిన తరువాత ఆ మొక్కలనే కుండీలలో నాటి బాల్కనీలో ఉంచాను. వారం తిరగకుండానే కోతులు వచ్చి వాము ఆకును వేళ్లతో సహా పెరికి వెళ్లాయి. ఈ ప్రాంతంలో నివసించే గృహిణులకు కోతుల సంగతి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. విధిలేక పద్నాలుగు కుండీలనూ తూర్పు కిటికీ ఉన్న గదిలోకి చేర్చాను. మా మనుమడు పడుకునేది ఆ గదిలోనే. నేను చేసిన మొదటి పొరపాటు అది.

అది ఆషాఢమాసం. బయట ముసురు పట్టి ఉండగా తడి బట్టలన్నీ ఆ గదిలోనే దండెం మీద ఆరవేసేవాళ్లం. దోమల భయంతో సాయంత్రమే కిటికీలు మూసివేసేవాళ్లం. నేనేమో దీపారాధన ముగించుకొని ప్రతి కుండీకీ చెంబెడు నీళ్లు పోసేదాన్ని. మొక్కకు నీరు పోయడం పుణ్యమన్న భావన చిన్ననాటి నుండి మనసులో పాతుకొని ఉన్నది కదా! పది పదిహేను రోజులలో కుండీల మట్టిపై తెల్లని బూజు తేలింది. పుదీనా ఆకుల అడుగున తుప్పు రంగు మచ్చలు కనిపించాయి. మంచం వెనుక గోడ మీద నల్లని చుక్కలు బయలుదేరాయి. కుండీని కదిలిస్తే చాలు, దోమకన్నా చిన్నవైన నల్లని ఈగలు గుంపుగా లేచేవి.

పిల్లవానికి రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు మొదలైనాయి. నేను యథాప్రకారం తులసి రసంలో తేనె కలిపి ఇచ్చాను. తగ్గలేదు. పిల్లల వైద్యుని వద్దకు తీసుకువెళితే ఆయన ముందుగా అడిగిన ప్రశ్న మందుల గురించి కాదు, “పడకగదిలో గోడకు చెమ్మ ఉన్నదా అమ్మా?” అని. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో నివసించేవారికి ఉబ్బసం, శ్వాసకోశ బాధలు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రకటించింది. నేను ఒక చేతితో తులసి రసం పోస్తూ రెండవ చేతితో దగ్గును పెంచి పోషిస్తున్నానన్న మాట.

ఆ ఈగల కథ చెప్పాలి. అవి కుట్టవు. వాటి సంతానమే ప్రమాదకరం. తడిమట్టి పై పొరలో గ్రుడ్లు పెడతాయి. వాటినుండి వెలువడే గాజువంటి తెల్లని పురుగులు మట్టిలోని బూజును, చివుకుతున్న ఆకులను, ఆపైన లేత వేళ్లను తింటాయి. గ్రుడ్డు మొదలు ఈగ వరకు మూడు నాలుగు వారాలలో ఒక తరం పూర్తి అవుతుంది. కనుక ఈగలను చంపినంతమాత్రాన సమస్య తీరదు. కింద మరొక తరం సిద్ధంగా ఉంటుంది.

ఈ సంగతి తెలియక ఒక విత్తనాల దుకాణానికి వెళ్లి, మట్టిలో పురుగు పడిందని చెప్పాను. ఆయన ఏవో గుళికలు వార్తాపత్రిక కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. రెండు తులసి కుండీలలో అరచెంచా చొప్పున కలిపాను. సాయంత్రం కోడలు వచ్చి, “ఈ మందు పేరేమిటి అత్తయ్యా?” అని అడిగింది. నా వద్ద సమాధానం లేదు. “రేపు పొద్దున ఈ ఆకే కదా వాడి నోట్లో పోసేది?” అన్నది. ఆ మాటతో నా కాళ్లు వణికాయి.

మట్టిలో వేసే పురుగుమందు గుళికలలో చాలావరకు అంతర్వాహిక విషాలు. వేరు పీల్చుకొని కాండానికి, ఆకుకు చేరవేస్తుంది. ఎంత కడిగినా పోదు, ఎందుకంటే విషం ఉన్నది ఆకు మీద కాదు, ఆకులోపల. ఒకప్పుడు విరివిగా అమ్మిన ఫోరేట్ గుళికలను కేంద్ర ప్రభుత్వం 2018 నాటి ఉత్తర్వుతో, 2020 డిసెంబరు 31 నుండి పూర్తిగా నిషేధించింది. పురుగుమందు ప్యాకెట్టు మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలలో ఏదో ఒకటి తప్పక ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితమైనదానికి, ఆకుపచ్చ స్వల్పమైనదానికి గుర్తు. పొట్లం కట్టి ఇచ్చిన మందుకు ఏ త్రికోణమూ ఉండదు. ఆ రెండు తులసులను మట్టితో సహా సంచిలో కట్టి, ప్రమాదకరమైన చెత్తగా వేరుగా అప్పగించాము. తులసిని అట్లా పంపవలసి రావడం నా మనసుకు ఎంత కష్టమైనదో చెప్పలేను.

అప్పుడు మా మామగారు గుర్తుకు వచ్చారు. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఒకనాడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలకు పేరుపొందినవి. ఆయన ఆ తోటలలో పనిచేసినవారు. అక్టోబరు కత్తిరింపుల తరువాత మబ్బు పట్టిందంటే బూజు తెగులు వస్తుందని మైలుతుత్తము, సున్నము కలిపిన ఒక శాతం ద్రావణం చల్లించేవారు. కాని అంతకుముందే తీగను పలచన చేసి, పందిరి కింద గాలి ఆడేటట్లు చూసేవారు. “ఆకు తడితో రాత్రిలోకి పోకూడదు” అనేవారు. తోటలన్నీ ఇళ్లస్థలాలై, ఆ మాట కూడా వాటితోపాటే మరుగున పడింది.

ఆ మాట పట్టుకొని మొదట గాలిలోని తేమను కొలిచాను. పరికరం కొనవచ్చును, వెల కొన్ని వందల రూపాయలే. నేను మాత్రం రెండు మామూలు గది ఉష్ణమాపకాలు తెచ్చి, ఒకదాని బుడ్డికి పలుచని తడి నూలుగుడ్డ చుట్టి, ఫ్యాను గాలిలో పది నిమిషాలు ఉంచాను. పొడిది 28 డిగ్రీలు, తడిది 25 డిగ్రీలు చూపిస్తే తేమ సుమారు 78 శాతం. తడిది 22కు దిగితే దాదాపు 60 శాతం. తేడా ఎంత తగ్గితే గదిలో చెమ్మ అంత హెచ్చు. మా గదిలో ఆ రోజు తేడా రెండు డిగ్రీలు కూడా లేదు!

మందు ఏదీ వేయకముందు నీళ్లు తగ్గించాను. సాయంత్రపు నీళ్లు మానివేశాను. చూపుడువేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే ఉదయం పూట పోయడం అలవాటు చేసుకున్నాను. పై రెండంగుళాల మట్టి ఆరిపోతే ఆ ఈగ పిల్లలు బ్రతకవు. కుండీ అడుగు పళ్లెంలో నీరు నిలువ ఉంచలేదు. బట్టల దండెం గదినుండి తీసివేశాము. మధ్యాహ్నం కిటికీ తెరిచి, చిన్న ఫ్యానును మొక్కల వైపు కాక గోడ వైపు త్రిప్పి పెట్టాను. మూడు వారాలలో ఈగలు సగానికి పైగా తగ్గాయి. పసుపుపచ్చని అట్టముక్కకు ఆముదం పూసి కుండీలో గుచ్చితే మిగిలినవి అంటుకున్నాయి. పచ్చి ఆలుగడ్డ ముక్కను మట్టిలో నొక్కి, రెండు రోజుల తరువాత తిరగవేస్తే దాని అడుగున పురుగులు చేరి ఉంటాయి. ముక్కతో సహా పారవేయడమే. ఏ కుండీలో ఎంత పురుగు ఉన్నదో తెలుసుకొనడానికి ఇంతకు మించిన ఉపాయం నాకు దొరకలేదు.

అన్ని మొక్కలకూ ఒకటే నియమం పనికిరాదు. సరస్వతి ఆకుకు చెమ్మ ఇష్టం, కలబందకు గిట్టదు. ఆ రెంటినీ ప్రక్కప్రక్కన ఉంచి ఒకే చెంబుతో నీరు పోయడం వలననే నా కలబంద మొదలు కుళ్లింది. తులసికి రోజుకు ఐదారు గంటల ఎండ ఉండాలి. వేసవిలో సంగతి తారుమారు. మే నెల మధ్యాహ్నం మన వైపు తేమ 30 శాతానికి దిగువకు పోతుంది. అప్పుడు బూజు మాయమై, ఆకు వెనుక ఎర్రనల్లి సాలెగూడు అల్లుతుంది. దానికి వారానికి రెండుసార్లు ఉదయాన్నే ఆకు అడుగు భాగం నీటితో కడగడం చాలు.

మట్టి విషయంలో నేను చేసిన తప్పు పచ్చిపేడ. వేరును కొరికే లావుపాటి తెల్ల పురుగు దానితోనే వస్తుంది. ఇప్పుడు ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి చేరుస్తున్నాను. మొక్క కారణం లేకుండా వాడితే పెరికి వేళ్లు చూడండి. బొడిపెలు ఉంటే నులిపురుగులు చేరినట్లు. ఆ మట్టిని తిరిగి వాడకూడదు.

మన పూర్వులు ఈ విషయాలను ఆలోచించలేదనుకోవద్దు. సురపాలుని వృక్షాయుర్వేదం మొక్కల రోగాలను సైతం వాత పిత్త కఫాలుగా విభజించినది. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న దాని ప్రతిని తెప్పించి, నళినీ సాధలే ఆంగ్లానువాదంతో సికింద్రాబాదుకు చెందిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించినది. అతిగా తడిసిన మొక్కకు కఫరోగమని పేరు పెట్టుకుంటే నాకైతే చికిత్స సులువుగా బోధపడింది.

మా సముదాయంలోని ఒక కుర్రవాడు, “ఆయుర్వేదంలో విజయ అంటారట కదా పిన్నిగారూ, ఆ గంజాయి మొక్కను కూడా ఇట్లాగే గదిలో పెంచవచ్చునా?” అని అడిగాడు. భంగ మన శాస్త్రాలలో ఉన్న మాట నిజమే. అయితే ఔషధ నిబంధనలలో అది విషద్రవ్యాల జాబితాలో ఉన్నది, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసినది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ మొక్కను పెంచితే పదేళ్ల వరకు కఠిన కారాగారవాసం, లక్ష రూపాయల వరకు జరిమానా. కుండీలో పెంచినా అది సాగే. ఈ మాట చెప్పి, వాని చేతికి ఒక పుదీనా కొమ్మ ఇచ్చి పంపించాను.

మనుమడికి డాక్టరుగారు ఇచ్చిన పీల్చే మందు కొనసాగుతున్నది. తులసి రసం దానికి బదులు కాదని నాకు స్పష్టంగా చెప్పారు, నేనూ ఒప్పుకున్నాను. గోడ గీకించి సున్నం వేయించాము. పద్నాలుగు కుండీలలో ఐదే గదిలో మిగిలినవి, అవీ పిల్లవాడు పడుకునే గదిలో కాదు. తక్కినవి బాల్కనీలో, ఇనుప జాలీ వెనుక ఉన్నాయి. కోతులు వచ్చి జాలీ పట్టుకొని చూసి పోతున్నాయి. వచ్చే మే నెలలో పాతమట్టిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి మేడపైన ఆరు వారాలు ఎండకు ఉంచాలని అనుకుంటున్నాను. పట్టా ఇప్పటికే కొని ఉంచాను.