ఇంట్లో చేపల తొట్టె: కడగడమొక్కటే శుభ్రత కాదు

మా చిన్న కుమారుడు పండుగనాడు చేతికందిన ఈదీ సొమ్ముతో రెండు గోల్డ్ ఫిష్‌లను, ఒక గుండ్రని గాజు పాత్రను కొని తెచ్చాడు. ప్రతి శుక్రవారం జుమాకు ముందు మేమే ఆ పాత్రను ఖాళీ చేసి, గులకరాళ్లతో సహా బాగా తోమి, కుళాయి నీటితో నింపేవారము. మూడవ వారం రెండు చేపలూ నీటిపైన తేలాయి. "అబ్బా! మనం శుభ్రంగానే ఉంచాము కదా?" అని పిల్లవాడు అడిగాడు. నీటి శుద్ధిని గురించి యేళ్ల తరబడి పాఠం చెబుతున్న మాకు జవాబు తోచలేదు. వుజూకు పనికివచ్చే నీరు వేరు, చేప బ్రతికే నీరు వేరు అని అప్పటికి మేమెరుగము.

చేప విసర్జించేది, మిగిలిన మేత కుళ్లినది అమోనియాగా మారుతుంది. అది చేపకు విషము. కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, పిమ్మట నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే; నైట్రేటు మాత్రం మితంగా ఉన్నంతవరకు అంత హాని చేయదు. ఈ సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలోను, అడుగునున్న రాళ్లపైన నివసిస్తాయి. మేము వారం వారం తోమి పారవేసింది వాటినే! పైగా కుళాయి నీటిలోని క్లోరిన్ మిగిలినవాటిని కూడా చంపివేసి, చేపల మొప్పలను కాల్చివేస్తుంది.

కనుక నీటిని పూర్తిగా మార్చరాదు. వారానికి నాలుగవ వంతు మార్చితే చాలును. ఆ నీటిని ముందురోజే మూతలేని బకెట్టులో నిలువ ఉంచాలి. తొందర ఉన్నవారికి దుకాణాలలో క్లోరిన్‌ను విరిచే మందు దొరుకుతుంది. స్పాంజిని కుళాయి క్రింద కాక, తొట్టె నుండి తీసిన నీటిలోనే పిండాలి.

గుండ్రని పాత్ర చూపుకు బాగుంటుంది, అంతే. గోల్డ్ ఫిష్ చక్కగా పెంచితే పదేళ్లకు పైగా బ్రతికి, జానెడు పెరిగే చేప. దానికి పెద్ద తొట్టె కావాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టెలో సుమారు 56 లీటర్ల నీరు పడుతుంది. గప్పీల వంటి చిన్న చేపలకు అది సరిపోతుంది. నీటి బరువే 56 కిలోలు గనుక పాత బల్లపైన పెట్టకండి.

ఆకలితో పిల్లిని బంధించి చంపిన స్త్రీ ఉదంతం మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. చేపల విషయంలో జరిగేది దానికి తలక్రిందులు. వచ్చిన ప్రతి చుట్టమూ ప్రేమతో చిటికెడు మేత వేయడం వల్లనే చాలా తొట్టెలు పాడవుతాయి. రెండు నిమిషాలలో తినగలిగినంతే వేయాలి.

మరొక మాట. గాజు పాచి తింటుందని అమ్మే సక్కర్ చేపను పెరిగిపోయిందని చెరువులోనో, కాలువలోనో వదలకండి. ఇది దక్షిణ అమెరికాకు చెందినది. మన నదులలో చేరి, ముళ్లతో జాలరుల వలలు చింపుతున్నది. వారు దానిని దెయ్యం చేప అంటున్నారు.

రెండవసారి మేము తొట్టె అమర్చి, ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ చేపలు లేకుండానే అయిదు వారాలు ఉంచాము. ఖాళీ నీటికి మేత వేస్తున్నారేమని ఇంట్లో నవ్వారు. పిల్లవాడు గోడ క్యాలెండరుపై రోజులు కొట్టివేస్తూ వేచి ఉన్నాడు. పరీక్ష పట్టీలో అమోనియా, నైట్రైటు సున్నా చూపిన తరువాతనే ఆరు గప్పీలు తెచ్చాము. అవిప్పుడు పిల్లలను కూడా పెట్టాయి. గురువారం సాయంత్రం బకెట్టు నింపి పెట్టడం మా వాని పని, మమ్మల్ని తాకనివ్వడు.