మందు కొట్టినా మందారను వదలని పొలుసు పురుగు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తెలుగువాళ్లున్న ఊరు ఖరగ్‌పూర్. అక్కడి క్వార్టర్ల ముందు మందార కొమ్మకు గోధుమరంగు బుడిపెలు కనిపిస్తే తెగులని పొరబడటం సులువు. గోటితో గీరితే ఊడివచ్చాయా, అవి పొలుసు పురుగులే. మైనపు కవచం వల్ల పెద్ద పురుగుకు మందు సరిగా అంటదు. గుడ్ల నుంచి అప్పుడే వచ్చి పాకే పిల్లలకు ఆ రక్షణ ఉండదు. దెబ్బ కొట్టాల్సింది అప్పుడే. ముందు పాత బ్రష్‌తో రుద్ది, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా చల్లాలి. వారం, పది రోజులకు మళ్లీ చల్లాలి. ఘాటు మందులు కొడితే వీటిని తినే అక్షింతల పురుగులూ చస్తాయి. కొమ్మ మీద చీమల బారునూ ఆపాలి. పురుగు వదిలే తీపి జిగట కోసం అవి దానికి కాపలా కాస్తాయి. ఈ పురుగుకు చుట్టమైన లక్క పురుగును మాత్రం ఇదే రైల్వే జోన్‌లోని పురూలియాలో మోదుగ, రేగు చెట్ల మీద రైతులు కోరి పెంచుతారు.