మీకు తెలుసా? నూల్‌కోల్ దుంప కాదు!

రైతుబజారులో ముల్లంగి, బీట్‌రూట్‌ల పక్కన కుప్ప పోస్తారు కాబట్టి నూల్‌కోల్‌ని కూడా దుంపల లెక్కలోనే వేసేస్తాం. అది దుంప కాదు, వేరు అంతకన్నా కాదు. మనం తినే ఆ లేతాకుపచ్చ గుండు, నేలకు కాస్త పైన ఉబ్బిన కాండం. కావాలంటే ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. ఆకులు నెత్తిన మాత్రమే కాదు, ఒంటి చుట్టూ మొలిచి ఉంటాయి. తెంపిన చోటల్లా అడ్డంగా ఓ మచ్చ. ముల్లంగి ఒంటి మీద అలాంటి మచ్చ ఒక్కటీ కనబడదు.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, నూల్‌కోల్... ఈ నాలుగూ వృక్షశాస్త్రం లెక్కన ఒకే జాతి: బ్రాసికా ఒలరేసియా. తరాల తరబడి విత్తనం ఏరి ఏరి, క్యాబేజీలో మొగ్గను, కాలీఫ్లవర్‌లో పూగుత్తిని పెంచిన రైతులు ఇందులో కాండాన్ని లావు చేశారు.

కాండమని తెలిస్తే పెంపకం సగం తెలిసినట్టే. నారు లోతుగా పాతకూడదు, గుండు మీదికి మట్టి ఎగదోయకూడదు. మన దగ్గర ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా నారు పోసుకోవచ్చు. నాలుగు వారాల నారును మడిలో 20-25 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. మేడ మీదైతే కుండీకి ఒక మొక్క చాలు. వైట్ వియన్నా లాంటి తొందర రకం, నాటిన రెండు నెలల లోపే కోతకొస్తుంది. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి కలుపు తీసేటప్పుడు పార లోతుగా దించొద్దు. నాలుగు రోజులు ఎండబెట్టి ఐదో రోజు కుండెడు నీళ్లు పోశారా, గుండు పగులుతుంది.

అసలు కిటుకంతా కోతలోనే ఉంది. బత్తాయి అంత కాగానే కోసేయాలి. ‘ఇంకో వారం ఉంచితే ఇంకాస్త పెరుగుతుంది కదా’ అనే ఆశే నూల్‌కోల్‌కి చెడ్డపేరు తెచ్చింది. కాండం కదా, ముదిరితే చెక్కబారుతుంది. ఆ పీచు కింది నుంచి మొదలై పైకి పాకుతుంది. అందుకే చెక్కు తీసేవాళ్లు అడుగున మందంగా తీసేసి, పైకి వచ్చేకొద్దీ పలచన చేస్తారు. బీరకాయకు గీరినట్టు పైపైన గీరితే ఆ పీచు కూరలోకి వచ్చి పళ్లలో ఇరుక్కుంటుంది.

అయితే ఎంత పెరిగినా లేతదనం పోని జర్మనీ రకం ఒకటుంది, పేరు సూపర్‌ష్మెల్జ్. వేసవిలో సూర్యుడు ఓ పట్టాన అస్తమించని అలాస్కాలో, 2006 నాటి స్టేట్ ఫెయిర్‌కి వచ్చిన నూల్‌కోల్ ఒకటి దాదాపు 44 కిలోలు తూగింది! మన కుండీల్లో అలాంటి ఆశలు పెట్టుకోకండి.

ఊదా రంగు నూల్‌కోల్‌ని చూసి లోపల కూడా బీట్‌రూట్‌లా ఉంటుందనుకుంటారు. రంగంతా తోలులోనే, లోపల తెలుపే. చెక్కు తీశాక ఊదాదానికీ ఆకుపచ్చదానికీ తేడా చెప్పడం కష్టం.

ఇక ఆకులు. మన కొట్లలో తెంపి పారేస్తారు, నాకైతే అదే బాధ. కాశ్మీరీలు గుండునూ ఆకులనూ కలిపే ఆవనూనెలో వండుకుంటారు. దాని పేరు మోంజ్ హాక్. పెరట్లో పండించుకునేవాళ్లకు లేత ఆకు దొరకడం ఓ అదృష్టం. పాలకూరలాగే పప్పులో వేయొచ్చు. కాకపోతే మొక్క ఎదుగుతుండగా మొత్తం దూసేయకండి, గుండుకు తిండి పెట్టేది ఆ ఆకులే. కింది నుంచి ఒకటీ రెండూ కోసుకుంటే చాలు.

వంటలో దీనికి పెసరపప్పుతో జత బాగా కుదురుతుంది. పప్పు అరగంట నానబెట్టాలి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపులో చిన్న ముక్కలు, పప్పు వేసి, నాలుగు చెంచాల నీళ్లు చిలకరించి మూత పెట్టాలి. ముక్క కొరికితే మెత్తబడి, ఇంకా కాస్త పలుకు తగులుతుండగా దించి పచ్చికొబ్బరి చల్లాలి. కుక్కర్‌లో పెట్టి మూడు కూతలు రానిస్తే ఇల్లంతా ఉడికిన క్యాబేజీ వాసన. బంధువే మరి, గంధకపు గుణం దానికీ దీనికీ ఒకటే.

లేతదైతే వండనే అక్కర్లేదు. సన్నగా తరిగి ఉప్పు, నిమ్మరసం పిండి తినేయొచ్చు. వంద గ్రాముల పచ్చిముక్కల్లో 60 మిల్లీగ్రాముల పైచిలుకు సి విటమిన్ ఉంటుంది. అదే బరువు కమలాపండులో ఉన్నదానికి ఇది తక్కువేం కాదు. ఉడికిస్తే మాత్రం కొంత పోతుంది.

కొన్నది ఆ రోజే వండకపోతే, ఇంటికి రాగానే ఆకులు వేరుచేసి విడిగా దాచండి. అలాగే వదిలేస్తే ఆకులు గుండులోని నీటిని లాగేసి రెండు రోజుల్లో దాన్ని వడలగొడతాయి.