మేఘం, గబ్బిలం: తులనాత్మక వ్యాసం రాసే పద్ధతి

రెండు రచనలను పక్కపక్కన పెట్టి, వాటిలోని పోలికలనూ తేడాలనూ పరిశీలించి, ఆ పరిశీలనతో ఒక నిర్ణయానికి రావడాన్ని తులనాత్మక పరిశీలన అంటారు. మెదక్ జిల్లా కౌడిపల్లి విద్యార్థులకు ఇందుకు తగిన సామగ్రి చేరువలోనే ఉంది. కాళిదాసు ‘మేఘసందేశం’పై ‘సంజీవని’ అనే వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి పేరుతో ముడిపడిన కొల్చారం వారికి పొరుగు మండలమే. ఆ కావ్యాన్ని గుర్రం జాషువా 1941లో వెలువరించిన ‘గబ్బిలం’తో పోల్చి చూస్తే వ్యాసనిర్మాణం స్పష్టపడుతుంది.

ఉపమాలంకారం చదివినవారికి ఉపమేయం, ఉపమానం, ఆ రెండింటిలోనూ ఉండే సమానధర్మం తెలుసు. సమానధర్మం లేనిదే ఉపమ పుట్టనట్లే, రెండు రచనలను కలిపే సూత్రం దొరకనిదే తులనాత్మక వ్యాసం మొదలు కాదు. ఇక్కడ ఆ సూత్రం సందేశకావ్య ప్రక్రియ, అనగా బాధలో ఉన్నవాడు ఒక దూత ద్వారా దూరాన ఉన్నవారికి తన మొర పంపుకొనే కావ్యరీతి. మొదటి పేరాలో రచనల పేర్లు, కవుల పేర్లు, ఈ సూత్రం, దానితోపాటు వ్యాసం నిరూపించబోయే ప్రతిపాదన ఉంటే చాలు. కవుల జీవితచరిత్రలతో ఆ పేరాను నింపడం వృథా.

అసలు బలం ఆ ప్రతిపాదనలో ఉంది. రెండింటిలోనూ దూత ఉన్నాడని చెప్పి ఊరుకుంటే అది పోలిక మాత్రమే, వ్యాసం కాదు. కుబేరుడి శాపంతో భార్యకు దూరమైన యక్షుడి దుఃఖానికి ఏడాది గడువు ఉంది, కబురు పంపేనాటికి అందులో నాలుగు నెలలే మిగిలి ఉన్నాయి. జాషువా నాయకుడు అనుభవించే అంటరానితనానికి గడువే లేదు. యక్షుడికి ఆషాఢమేఘం ఎదురుపడింది కనుక అది దూత అయింది. గుడి గడప తొక్కనివ్వని మనిషికి మాత్రం, ఆ గుడిలోనే వేలాడుతూ శివుడికి మొర వినిపించగల గబ్బిలమే దిక్కయింది. ఒకటి ప్రియురాలికి పంపిన ఓదార్పు, మరొకటి దేవుడికి పెట్టుకొన్న ఫిర్యాదు. పాత ప్రక్రియను జాషువా న్యాయం అడిగే సాధనంగా మార్చాడన్న ప్రతిపాదన ఈ తేడాల నుంచే వస్తుంది.

వ్యాసం నడిపే తీరు రెండు విధాలు. మొదట ఒక కావ్యాన్ని పూర్తిగా వివరించి తరువాత రెండోదానికి వెళ్లడం తేలికే గాని, చాలామంది చేతిలో అది రెండు కథాసంగ్రహాలుగా విడిపోతుంది. దుఃఖానికి కారణం, దూత ఎంపిక, సందేశం చేరవలసిన చోటు అన్న అంశాలను ఒక్కొక్కటిగా తీసుకొని, ప్రతి అంశంలోనూ రెండు కావ్యాలను ఎదురెదురుగా నిలిపే రెండో పద్ధతి పాఠశాల వ్యాసానికి మేలైనది. అన్ని అంశాలకూ సమానమైన చోటు అక్కరలేదు. ప్రతిపాదనను ఎక్కువగా బలపరిచే దూత ఎంపికకు ఒక పేరా ఎక్కువే ఇవ్వవచ్చు.

ప్రతి మాటకూ మూలంలో ఆధారం చూపడం తప్పనిసరి. మూలంలో లేనిది రాయకూడదన్న నియమం పెట్టుకొని మల్లినాథుడు కాళిదాసును వ్యాఖ్యానించాడు. కౌడిపల్లి విద్యార్థులు కలం పట్టేముందు ఆ రెండు కావ్యాలనూ పుస్తకం తెరిచి స్వయంగా చదవాలి, గైడు నుంచి కాదు.