పాత వాహనాల పరిరక్షణ

స్కాట్లాండులోని గ్లాస్గోలో 1899లో ఆల్బియన్ సంస్థ ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో అది బ్రిటిష్ సైన్యానికి మూడు టన్నుల లారీలను దాదాపు 6,000 నిర్మించి ఇచ్చింది. ఆ సంస్థ బస్సులతోనే 1932లో నిజాం రాజ్యంలో ప్రభుత్వ బస్సు రవాణా ప్రారంభమైంది. ఆనాటి 19 సీట్ల ‘డెక్కన్ క్వీన్’ బస్సును రోడ్డు రవాణా సంస్థ హైదరాబాదులో భద్రపరచింది.

ఇట్టి వాహనాలను కాపాడడం శ్రమతో కూడిన పని. ఎర్రగుంట్ల వంటి మెట్టప్రాంతాలలో పొడిగాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టదు. కాని ఎండకు కొయ్య నెర్రెలిస్తుంది, రబ్బరు పెళుసెక్కుతుంది. అందుచేత వాహనాన్ని నీడలో నిలిపి, కందెన వేస్తూ, అప్పుడప్పుడు ఇంజనును నడపాలి. అంగళ్లలో దొరకని విడిభాగాలను పనివారు చేతితో మలచవలసి ఉంటుంది. తుక్కుకింద కరిగిపోయిన వాహనం మరల రాదు. దానితోపాటు ఒక తరం పనితనానికి సాక్ష్యమూ నశిస్తుంది.